దొరదీపాలు, కూలిదీపాలు

మా ముత్తాతగారు శ్రీకాకుళానికి అవతల ఒక సంస్థానంలో దివాను. ఆయన బయటికి అడుగు పెడితే ముందు జవానులు నడిచేవారు. మా తాతగారు అదే సంస్థానం బియ్యమూ నువ్వులూ ఓడల మీద కలకత్తాకి పంపే వ్యవహారం చూడడానికి ఈ ఊరు వచ్చి, భవానీపూర్‌లో మేడ తీసుకుని, పల్లకీ పోయి మోటారు వచ్చిన కాలంలో మోటారు ఎక్కి తిరిగారు. మా నాన్నగారు పోర్టు ఆఫీసులో గుమాస్తాగా చేరారు. కానీ గుమాస్తా అన్న మాట ఇంట్లో ఎవరినీ అననిచ్చేవారు కాదు. ‘కచేరీకి వెళ్తున్నాను’ అనేవారు. ఇస్త్రీ చేసిన కోటు వేసుకుని, ట్రాములో కూర్చోకుండా నిలబడి వెళ్ళేవారు, ముడతలు పడతాయని.

ఆ వంశంలో నేను చేసిన ఆఖరి ఉద్యోగం, సాల్ట్ లేక్‌లో ఒక మొక్కల గదికి సూపర్‌వైజరు. ఇది చెప్పడానికి నాకేమీ చిన్నతనం లేదు. చేతికింద ఇద్దరే ఉన్నా, ప్రతిరోజూ బూట్లు పాలిష్ చేసుకునే వెళ్ళాను.

న్యూ టౌన్ ఫ్లాట్లలో కొత్తగా కాపురం పెట్టిన మన తెలుగు పిల్లలు ఈ మధ్య నన్ను ఒకే ప్రశ్న అడుగుతున్నారు. కొత్తిమీర, తులసి, పుదీనా ఇంట్లో పెంచుకోవాలి, బాల్కనీకి ఎండ రాదు, మొక్కల దీపాలు కొనాలి. ఖరీదైనవి మంచివా, చవకవి చాలా? ఒక్క మాటలో జవాబు చెప్పవచ్చు. కానీ ఆ ఒక్క మాట నాకు ఎలా తెలిసిందో చెప్పకపోతే అది అబద్ధంతో సమానం.

ముందు ఆ గది సంగతి చెప్పాలి. సెక్టర్ ఫైవ్ ఆఫీసుల్లో గాజు తలుపుల పక్కన, లిఫ్టుల దగ్గర కుండీల్లో మొక్కలు చూస్తారు కదా, అవి చాలావరకు ఆ ఆఫీసులవి కావు. అద్దెకి తెచ్చినవి. పగలంతా ఏసీ చలి, సూర్యుడి మొహం కనపడదు. కొన్ని నెలలకి ఆకులు పాలిపోయి, కాడలు వాలిపోతాయి. అప్పుడు మా వ్యాను వెళ్ళి వాటిని వెనక్కి తెచ్చి, బాగున్నవాటిని అక్కడ పెట్టి వస్తుంది. తెచ్చిన మొక్కల్ని నేరుగా మేడ మీద ఎండలో పెడితే మాడిపోతాయి. వానలో పెడితే కుళ్ళిపోతాయి. అందుకని కింది అంతస్తులో కిటికీలు లేని ఒక పొడవాటి గదిలో, ఇనప అరల మీద, దీపాల కింద కొన్నాళ్ళు ఉంచుతాము. తేరుకున్నాక మళ్ళీ ఉద్యోగానికి పంపుతాము.

మధ్యాహ్నం భోజనమయ్యాక ఆ గదిలో కూర్చుంటే నిద్రకీ మెలకువకీ మధ్య ఎక్కడో ఉన్నట్టుండేది. బయట ఆటోల హారన్లు వినిపిస్తూనే ఉండేవి, కానీ ఏదో నీళ్ళ అడుగున ఉండి వింటున్నట్టు. తడి మట్టి వాసన. అరల నిండా అలసిపోయిన ఆకులు. అవి ఊపిరి తీసుకుంటున్నాయని పుస్తకాల్లో చదివిందే, ఆ గదిలో మాత్రం అది వినపడుతుందేమో అనిపించేది.

నా చేతికింద ఉన్న ఇద్దరిలో ఒకామె మన తెలుగామె. హౌరా దగ్గర టికియాపారాలో పుట్టింది, తండ్రి రైల్వేలో, భర్త కార్పొరేషన్‌లో. వాళ్ళది కోస్తా నుంచి తరాల కిందట వచ్చిన క్రైస్తవ కుటుంబం. ఆదివారం చర్చికి వెళ్తే తప్ప ఆమె నోరు మూతపడేది కాదు. రెండో ఆయన బెంగాలీ మిస్త్రీ. వైర్లూ, స్విచ్చులూ, నీటి పంపూ ఆయన పని. ఆమెకి బెంగాలీ మంచినీళ్ళప్రాయం. ఆయనకి తెలుగులో తిట్లు మాత్రం వచ్చు, అవీ ఆమె నేర్పినవే.

ఒక వర్షాకాలం మొదట్లో మా యజమానురాలు గదిలోకి వచ్చి నిలబడింది. నలభై ఏళ్ళ బెంగాలీ ఆవిడ, నిదానంగా మాట్లాడుతుంది, కానీ మాట మార్చదు.

“దాదా, మన మొక్కలు ఎక్కువగా తీసుకునే ఆ పెద్ద ఆఫీసు వాళ్ళు కోపంగా ఉన్నారు,” అంది నాతో. “మనం తిరిగి పంపిన మొక్కలు రోగిష్ఠివాళ్ళలా ఉన్నాయంటున్నారు. దుర్గా పూజలయ్యాక వాళ్ళ మనిషి వచ్చి ఈ గదిలోనే మొక్కలు చూస్తాడు. నచ్చితే ఒప్పందం కొనసాగుతుంది. నచ్చకపోతే ఈ గది నాకు మోయలేని బరువు. ఖాళీ చేసేస్తాను. ఇక మీద నర్సరీ నుంచి కొత్తవి కొనడం, వాడిపోతే పారేయడం.”

ఆవిడ వెళ్ళాక మన తెలుగామె నా వైపు చూసింది.

“పారేత్తారా? బతికున్నవాటినే?”

“అలాగే అన్నారు.”

“మరి నన్నేటి సేత్తారు?”

మొక్కలు లేని గదికి మొక్కలు చూసే మనిషి అక్కర్లేదని ఆమెకీ తెలుసు. భర్త నడుము విరిగి, కార్పొరేషన్ పని మానుకుని ఇంట్లో ఉన్నాడని, ఆ ఇల్లు ఆమె మీదే నడుస్తోందని నాకూ తెలుసు.

యజమానురాలు తన వంతు తాను చేసింది. విదేశం నుంచి నాలుగు దీపాలు తెప్పించింది. చూడగానే నాకు గౌరవం కలిగింది, నిజం చెప్పాలంటే. నల్లటి ఇనప ఒళ్ళు, ఒక్కో బల్బు మీద స్ఫటికంలాంటి గాజు కన్ను, వెనక చిన్న ఫ్యాను. వెలిగిస్తే వంకాయ పువ్వు రంగు వెలుగు. మిగతా అరలకి అటువంటివి కొనే స్తోమత లేక, మిస్త్రీని కరెంటు సామాన్ల బజారు ఎజ్రా స్ట్రీట్‌కి పంపితే సంచుల్లో తెల్ల ట్యూబులు వేసుకొచ్చాడు. పేరు లేదు, ఊరు లేదు. ఒక్కో ట్యూబు ఒక్కో తెలుపు.

పెద్ద ఆఫీసు మొక్కల్ని సగం వీటి కింద, సగం వాటి కింద సర్దాము.

ఖరీదైన దీపాలతో ఒక నియమం కూడా వచ్చింది. కంపెనీ మనిషి తప్ప ఎవరూ వాటిని విప్పకూడదు, కదపకూడదు, అలా చేస్తే గ్యారంటీ పోతుంది. “ఎవరూ ముట్టుకోవద్దు” అని యజమానురాలు మూడుసార్లు చెప్పింది. నాకా మాట సబబుగానే తోచింది. మంచి వస్తువుని పదిమంది చేతులు వేసి నలపకూడదన్న ఇంట్లోంచి వచ్చినవాణ్ణి. బెంగాలీలో ఒక అట్ట రాయించి అక్కడ వేలాడదీశాను. వాటితో వచ్చిన పుస్తకంలో చెప్పినట్టే కంపెనీ మనిషి వాటిని పైకప్పు దగ్గరగా, ఎత్తుగా బిగించి వెళ్ళాడు. ట్యూబుల్ని మాత్రం మిస్త్రీ తాళ్ళతో ఆకుల మీదికి దించి కట్టాడు, వాటి వెలుగు అంత దూరం రాదని.

మన తెలుగామె తలెత్తి చూసి అంది: “ఇవి దొరదీపాలు. అవి కూలిదీపాలు. మీ దివాను తాతగోరు వత్తే ఏ దీపం కింద కూకుంటారు బావూ?”

“ఆయన ఏ దీపం కింద కూర్చుంటే అదే దొరదీపం,” అన్నాను.

“అబ్బో!” అని మిస్త్రీకి బెంగాలీలో అనువాదం చేసి చెప్పింది. ఇద్దరూ చాలాసేపు నవ్వారు. నేను నవ్వలేదు. నవ్వవలసిన మాటేమీ నేను అనలేదు.

ఆ వర్షాకాలం ఇప్పటికీ కలలో వస్తుంది. ఊదారంగు వెలుగులో ఆమె తెల్ల చీర గులాబీ రంగుకి తిరిగేది. టీ నల్లగా, ఆకులు ఇంకా నల్లగా కనిపించేవి. గది రెండో సగంలోకి అడుగు పెడితే, ట్యూబుల తెలుపులో, అందరం మళ్ళీ మామూలు మనుషులం అయిపోయేవాళ్ళం. నేను ఎక్కువగా ఊదారంగు వైపే కుర్చీ వేసుకునేవాణ్ణి.

నీళ్ళు నిలిచిన కుండీలు, చీకటి మూలలు, సాల్ట్ లేక్ దోమలు. డెంగీ అని వాడంతా భయం. మందు కొడితే ఆకులు చెడతాయి. అందుకని మిస్త్రీ సంధ్యవేళ ధునో పట్టేవాడు. తెలియనివాళ్ళకి చెబుతాను: మట్టి ధూపపాత్రలో కొబ్బరి పీచు అంటించి, దాని మీద సాంబ్రాణి పొడి చల్లి, ఇల్లంతా తిప్పుతారు. బెంగాలీ ఇళ్ళలో, దుకాణాల్లో సాయంత్రమైతే ఈ పొగ లేకుండా దీపం పెట్టినట్టు కాదు. దోమా పోతుంది, దేవుడూ సంతోషిస్తాడు. మిస్త్రీ మొదట గుమ్మానికి చూపించి, తరువాత తిన్నగా దొరదీపాల కిందికి వచ్చి, తల వంచి, పాత్రని గుండ్రంగా తిప్పేవాడు. పనిముట్లని కొలిచే విశ్వకర్మ పూజనాడు వాటి ఒంటికి గంధం బొట్టు కూడా పెట్టాడు, నిచ్చెన ఎక్కి, వేలి కొసతో, గ్యారంటీకి భంగం రాకుండా.

“దీపానికి ధూపమేటి దాదా! అదేటి నీకు వరాలిత్తాదా?” అని ఆమె ఎత్తిపొడిచేది.

“దిది, ఇది మన అందరి అన్నం. అన్నానికి దణ్ణం పెట్టకూడదా?”

“మరి నా కూలిదీపాలకి పెట్టవేం?”

“వాటికి నువ్వున్నావుగా.”

ఉంది, నిజమే. ఆమె ఆకుల మీద నీళ్ళు చిలకరిస్తే కిందికి కట్టిన ట్యూబుల మీద చుక్కలు పడి తెల్లటి మచ్చలు కట్టేవి. వాన పురుగులు అంటుకునేవి. అది ఆమెకి సహించేది కాదు. పని ముగించి వెళ్ళేముందు ఒక పాత గుడ్డ తీసుకుని, ఒక్కో ట్యూబునీ ఈ చివర నుంచి ఆ చివరకి తుడిచేది. వెలిగీ వెలగనట్టున్నదాన్ని ఒక్క దెబ్బ కొట్టి వెలిగించేది. కొత్త చిగురు పైకి వస్తే తాడు ఒక ముడి పైకి కట్టేది, వాలితే కిందికి దించేది.

ఇటువైపు పొగ నెమ్మదిగా పైకి లేచేది. ఊదా వెలుగు ఆ పొగలో పడి, కన్నుకి కనపడే స్తంభాలై నిలిచేది. గది పైకప్పు దాకా వెలుగుతో కట్టిన మండపంలా ఉండేది. ముగ్గురం పని ఆపి చూసేవాళ్ళం. ఆమె కూడా. ప్రార్థనకి తప్ప మరి దేనికీ తల వంచని మనిషి, ఆ కాసేపు కుండీ అంచు మీద కూర్చుని చూస్తూ ఉండిపోయేది.

పూజలు ముగిశాయి. ఆఫీసు మనిషి వచ్చే రోజు వచ్చింది.

అతను మనవాడే, వరంగల్ వైపు కుర్రవాడు. సెక్టర్ ఫైవ్‌లో ఆ ఆఫీసు నిర్వహణ అంతా అతని చేతిలో ఉంది. యజమానురాలితో ఇంగ్లీషులో మాట్లాడుతూ వచ్చి, నా తెలుగు వినగానే మొహం విప్పుకున్నాడు.

“అంకుల్, మీరు మనోళ్ళా! గా ముచ్చట చెప్పాలె కదా ముందుగాల.”

“ముందు మొక్కలు చూడండి,” అన్నాను.

నేను అతన్ని మొదట దొరదీపాల కిందికే తీసుకెళ్ళాను. అతను ఒక ఆకు పట్టుకుని తిప్పి చూశాడు. ఇంకొకటి చూశాడు. పీస్ లిల్లీ కాడలు సన్నగా సాగి, దేన్నో వెతుక్కుంటున్నట్టు పైకి మెడలు చాపి ఉన్నాయి. పామ్ ఆకుల కొసలు పసుపు. మేము రోజూ చూస్తున్నవే. ఆ ఊదా రంగులో ఆకు అసలు రంగు తెలియదు. అతను తన ఫోను లైటు వేసి చూపించాకే నాకు తెలిసింది.

“ఇవేమైనయ్ అంకుల్? తిండి లేనట్టున్నయ్.”

యజమానురాలు కళ్ళు దించుకుంది. మన తెలుగామె మాత్రం కొంగు నడుముకి చుట్టి ముందుకి వచ్చింది.

“బాబూ, ఆటినేటి సూత్తారు, ఇటు రండి.”

తెల్ల వెలుగు వైపు అతను వెళ్ళాడు. అక్కడ అతనికి ఫోను అవసరం లేకపోయింది. ఆకులు దళసరిగా, ముదురు ఆకుపచ్చగా, తుడిచిన పలకల్లా ఉన్నాయి.

“అబ్బ, ఇవి మస్తున్నయ్! గివే కావాలె నాకు. ఇట్లనే అన్నీ చేసి పంపుతరా?”

“పంపమా మరి! మాకింకేటి పని?” అంది ఆమె.

అతను ఆ అరల ముందు నిలబడే యజమానురాలితో చెయ్యి కలిపాడు. ఒప్పందం నిలిచింది. గది నిలిచింది. మిస్త్రీ వెళ్ళి రసగుల్లాల కుండ పట్టుకొచ్చాడు. నేనూ ఒకటి తిన్నాను. నిటారుగా నిలబడే తిన్నాను.

అతను వెళ్ళగానే యజమానురాలు పైకి చూసి అంది: “దాదా, వీటిని దించేయించండి. ఇంత పెట్టి కొన్నవి ట్యూబులకి సరిరాలేదు. అడిగేవాడు ఒకడున్నాడు, ఇచ్చేస్తాను. ఇక్కడ కూడా ట్యూబులే కట్టండి.”

ఇక గ్యారంటీతో పని లేదు కనుక మిస్త్రీ నిచ్చెన ఎక్కి మొదటి దీపాన్ని విప్పి కిందికి అందించాడు. నేను అందుకున్నాను. అన్నాళ్ళలో దాన్ని ముట్టుకోవడం అదే మొదలు.

చేతికి జిగురు తగిలింది. తిప్పి చూస్తే గాజు కళ్ళన్నిటి మీదా టీ కషాయం రంగు పొర. వర్షాకాలం అంతా సాంబ్రాణి పొగ పైకి వెళ్ళి, ఆ తేమలో అక్కడే పేరుకుపోయింది. వెనక ఫ్యాను రెక్కల మధ్య కొబ్బరి పీచు బూడిద గూడు కట్టింది. ఆ ఫ్యానే పొగని లోపలికి లాక్కుంది. మిస్త్రీ పుస్తకం తెచ్చి నాకు ఇచ్చాడు, నేను చదివి చెప్పాను: గాలి ఆడక ఒళ్ళు వేడెక్కితే, చెడిపోకుండా ఉండడానికి ఆ దీపం తన వెలుగుని తానే కొంచెం కొంచెంగా తగ్గించుకుంటుంది. అటువంటి ఏర్పాటు చవక ట్యూబుకి ఉండదు. అది వెలిగినంత కాలం వెలిగి పోతుంది. ఇది ఎవరికీ చెప్పకుండా తగ్గిపోతుంది.

మిస్త్రీ నిచ్చెన మెట్టు మీదే కూలబడ్డాడు. “హే భగవాన్! నా ధునో!”

“నీ ధునో ఒక్కటే కాదు,” అన్నాను. “ముట్టుకోవద్దన్న మాట కూడా ఉంది.”

మన తెలుగామె దీపాన్ని నా చేతిలోంచి తీసుకుని, బొటనవేలితో ఒక కన్ను తుడిచింది. ఆ ఒక్క చుక్క మెరిసింది.

“అయితే ఆటి తప్పేటీ లేదన్నమాట,” అంది మెల్లగా. “తుడిసీవోళ్ళు లేక.”

నేను యజమానురాలి గదికి వెళ్ళి నిలబడి జరిగింది చెప్పాను. ఇంకొక్క నెల అవకాశం ఇవ్వమని అడిగాను. పరీక్ష పెట్టింది దీపాలకి కాదనీ, మనం వాటిని చూసుకున్న తీరుకనీ అన్నాను.

ఆవిడ శ్రద్ధగా విన్నది. “దాదా, గది మిగిలింది కదా. ఆవిడ ఉద్యోగం మిగిలింది. మీదీ మిగిలింది. ఇంకేం మిగలాలి?”

“ఆ దీపాల పరువు,” అన్నాను.

ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. “మీరు అనేది నిజమే అయి ఉంటుంది. కానీ కొనేవాడికి మాట ఇచ్చేశాను. వాటి డబ్బుతో గది నిండా ట్యూబులు వస్తాయి. ఇల్లు నడపాలి కదా దాదా.”

ఆ మాట నాకు కొత్త కాదు. మా ఇంట్లో ఏదైనా అమ్మవలసి వచ్చినప్పుడల్లా విన్నదే. మళ్ళీ మొక్కల గదికి వచ్చేశాను.

పిల్లలూ, మీరు అడిగినదానికి ఇప్పుడు జవాబు చెబుతాను. మంచి దీపం మంచిదే. అంతే కరెంటుతో ఎక్కువ వెలుగు ఇస్తుంది, ఎక్కువ కాలం ఉంటుంది, ఎత్తు నుంచి కూడా ఆకుకి అందుతుంది. కానీ కొత్తిమీరకీ పుదీనాకీ చవక ట్యూబు చాలు, ఆకుకి దగ్గరగా కడితే, రోజూ వేళకి వేసి ఆర్పితే, వారానికోసారి తుడిస్తే. ఆకుకి కావలసింది తన మీద పడే వెలుగు. ఆ దీపం మీద ఎవరి పేరు ఉందో ఆకు చదవదు. ఖరీదైనది కొనుక్కుంటే కొనుక్కోండి, కానీ దాన్ని ముట్టుకునే ధైర్యం కూడా తెచ్చుకోండి.

ఆ సాయంత్రం మేము ఇళ్ళకి వెళ్ళలేదు. ఎవరూ అనుకోలేదు, ఎవరూ అడగలేదు. మన తెలుగామె గోరువెచ్చని నీళ్ళూ సబ్బూ తెచ్చింది. మిస్త్రీ ఫ్యానుల్లో బూడిద బ్రష్‌తో తీశాడు. నేను కోటు విప్పి కుర్చీకి తగిలించి, చొక్కా చేతులు మడుచుకుని గాజు కళ్ళు ఒక్కొక్కటే తుడిచాను. గంధం బొట్లు మాత్రం మిస్త్రీ తుడవనివ్వలేదు.

తరువాత వాటిని మళ్ళీ పైకి బిగించి, మీట వేశాము.

ఆ వెలుగు గురించి నేను సరిగా చెప్పలేను. ముందు రోజు దాకా మేము చూసింది దాని నీడ అనిపించింది. గది గోడలు వెనక్కి జరిగాయి. మెడలు చాపిన లిల్లీల మీద అది వానలా పడింది. ఆమె ముడతలు పడ్డ చేతులు, మిస్త్రీ నెరిసిన గడ్డం, నా మాసిన చొక్కా చేతులు, అన్నీ ఒకే రంగు. పొగ లేదు, స్తంభాలు లేవు, వట్టి వెలుగు. ఎవరూ కుర్చీ వేసుకోలేదు.

“ఏటి బావూ,” అంది ఆమె తలెత్తి వాటిని చూస్తూ, “ఇంత ఎలుగు పెట్టుకుని ఒక్క మాటైనా అన్లేదు సూడండి ఇవి.”

“అనవు,” అన్నాను.

మర్నాడు పొద్దున్న యజమానురాలు మాట ఇచ్చిన ఆసామి, హౌరాలో రంగు చేపలు అమ్మేవాడు, టెంపో తెచ్చి, నాలుగు దీపాలనీ కొనుక్కుపోయాడు.